కశింకోట సీమలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్: వ్యాధి, వైద్యం, నివారణల చరిత్ర

గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఉన్నట్టుండి పుట్టే జబ్బు కాదు. గర్భసంచి కింది కొసన ఉండే మూతి దగ్గర హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ, చేరుతుంది. చాలామందిలో అది ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది. పోకుండా నిలిచిపోయిన కొద్దిమందిలో అక్కడి కణాలు మెల్లగా మారుతూ వస్తాయి. ఆ మార్పు క్యాన్సర్‌గా ముదరడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. అన్నేళ్ల వ్యవధిలో ఒకటి రెండుసార్లు పరీక్ష చేసినా జబ్బును మొదట్లోనే తుంచేయవచ్చు. అయినా 2022లో భారతదేశంలో సుమారు 1,27,000 మంది స్త్రీలకు ఈ క్యాన్సర్ కొత్తగా వచ్చిందనీ, సుమారు 80,000 మంది దీనివల్ల చనిపోయారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఇంత తేలిగ్గా ఆపగలిగిన జబ్బు ఇంతమందిని ఎందుకు బలి తీసుకుంటోందన్న ప్రశ్నకు జవాబు వైద్య గ్రంథాల్లో కంటే ఊళ్ల చరిత్రలో ఎక్కువగా దొరుకుతుంది. ఉత్తరాంధ్రలోని కశింకోట, దాని చుట్టుపక్కల సీమ ఆ చరిత్రకు ఒక ఉదాహరణ.

ఊరు, ఊరి ఆడవాళ్లు

కశింకోట శారదా నది పక్కన, అనకాపల్లికి ఆనుకుని ఉన్న మండల కేంద్రం. విశాఖపట్నం నుంచి రాజమహేంద్రవరం వైపు వెళ్లే జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. చికాకోలు సర్కారు రోజుల్లో ఇది ఒక పాలనా విభాగానికి కేంద్రం. 1758లో కర్నల్ ఫోర్డ్ నడిపిన ఇంగ్లీషు సేన విజయనగరం ఆనంద గజపతి రాజు సేనతో కలిసింది ఇక్కడే. ఆ పాలనా, సైనిక ప్రాధాన్యం పోయాక ఊరికి మిగిలింది వ్యవసాయం. వరి, చెరకు ఈ నేల పంటలు. ఇక్కడి బెల్లానికి అనకాపల్లి బజారు దేశమంతటా పేరు తెచ్చింది. ఆ బెల్లం వెనుక నాట్లు, కలుపు, చెరకు నరుకుడు, మోత వంటి పనుల్లో ఆడవాళ్ల రెక్కల కష్టం చాలా ఉంది.

ఆ ఆడవాళ్ల ఒంటి బాధలు మాత్రం కాగితం మీదికి ఎక్కలేదు. కాన్పు మంత్రసాని చేతిలో జరిగేది. తెల్లబట్ట, నడుం నొప్పి, ముట్లుడిగాక మళ్లీ కనిపించే రక్తం వంటివి ఇంట్లో తల్లితోనో తోడికోడలితోనో చెప్పుకునే మాటలే తప్ప వైద్యుడి దాకా వెళ్లేవి కావు. మానని పుండును, పెరిగే గడ్డను జనం రాచపుండు అని గుర్తించేవారు. గర్భసంచి లోపల పుట్టిన రాచపుండు కంటికి కనిపించదు కాబట్టి దానికి ఆ గుర్తింపు కూడా దక్కలేదు. దుర్వాసనతో కూడిన స్రావం మొదలయ్యేసరికి జబ్బు ముదిరిపోయేది. వాసన కారణంగా ఆ మనిషిని పక్కన పెట్టడం, ఆమె ఒంటరిగా మంచాన పడి పోవడం తెలుగు పల్లెల్లో ఎన్నో ఇళ్లు చూసిన బాధ.

ఆడవాళ్లను ఆడ డాక్టర్లే చూసే ఆసుపత్రులు తెలుగునాట 19వ శతాబ్ది చివర్లో మొదలయ్యాయి. 1883లో అమెరికా నుంచి గుంటూరు వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ అక్కడ 1898లో స్త్రీల ఆసుపత్రి తెరిచారు. విశాఖపట్నం పాతనగరంలోని విక్టోరియా ఆసుపత్రిని జనం నేటికీ ఘోషా ఆసుపత్రి అంటారు. పరదా చాటున బతికే స్త్రీలు కూడా రాగలిగిన చోటు అని ఆ పేరే చెబుతోంది. 1923లో కింగ్ జార్జ్ ఆసుపత్రి, దానితోపాటు తర్వాత ఆంధ్ర వైద్య కళాశాలగా పేరు మారిన కళాశాల విశాఖలో వెలిశాయి. శ్రీకాకుళం నుంచి తూర్పు గోదావరి దాకా పేదలకు పెద్దాసుపత్రి అంటే కేజీహెచ్చే అయింది. కశింకోట వాళ్లకు అది రైలు దూరంలోనే ఉన్నా కాన్పు కష్టమైతే తప్ప ఆడవాళ్లను అంతదూరం తీసుకువెళ్లేవారు అరుదు.

పెళ్లి వయసు

1842లో ఇటలీలోని వెరోనా నగరంలో రిగోని స్టెర్న్ అనే వైద్యుడు మరణాల దస్త్రాలను పరిశీలించి, పెళ్లయిన స్త్రీలలో కనిపించే గర్భాశయ క్యాన్సర్ సన్యాసినులలో చాలా అరుదని గమనించాడు. దాంపత్య జీవితానికీ ఈ జబ్బుకూ ఏదో సంబంధం ఉందన్న తొలి సూచన అది. ఆ తర్వాతి పరిశోధనల్లో లేత వయసులో కాపురం, వెంటవెంటనే ఎక్కువ కాన్పులు, పొగాకు, రోగనిరోధక శక్తి తగ్గడం ఈ ముప్పును పెంచే కారణాలుగా తేలాయి. కౌమారంలో గర్భాశయ ముఖద్వారం పైపొర ఇంకా మార్పు చెందుతూ ఉంటుంది. ఆ దశలో వైరస్ తేలిగ్గా పట్టుకుంటుంది.

ఈ కోణంలో చూస్తే ఉత్తరాంధ్ర సాంఘిక చరిత్రకు కొత్త అర్థం వస్తుంది. అప్పటి విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాలలో జరిగిన కన్యాశుల్క వివాహాల జాబితాను విజయనగరం మహారాజు తయారు చేయించారు. గురజాడ అప్పారావు తన ‘కన్యాశుల్కం’ నాటకం తొలి ముద్రణకు రాసిన పీఠికలో ఆ లెక్కలు ఇచ్చారు. మూడేళ్లలో నమోదైన పెళ్లిళ్లు 1,034. ఆ పెళ్లికూతుళ్లలో 99 మందికి ఐదేళ్లు, 44 మందికి నాలుగేళ్లు, 36 మందికి మూడేళ్లు. అంతకంటే పసివాళ్లు కూడా ఉన్నారు. కాపురం సమర్తాడిన తర్వాతే మొదలైనా ఆ వయసు కూడా లేతదే. తక్కిన కులాల్లో శుల్కం ఆచారం వేరుగా ఉన్నా చిన్నప్పుడే పెళ్లి చేయడం మాత్రం చాలా చోట్ల ఉండేది.

1929 నాటి శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసును 14గా నిర్ణయించింది. 1978లో అది 18 అయింది. చట్టం పట్టు బిగియడానికి దశాబ్దాలు పట్టింది. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నాటికి కూడా ఆంధ్రప్రదేశ్‌లో 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 29 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. పెళ్లి వయసు పెరగడం, కాన్పులు తగ్గడం, చదువు, ఇంట్లో నీటి సౌకర్యం వంటి మార్పుల ఫలితం క్యాన్సర్ లెక్కల్లో కూడా కనిపిస్తుంది. మద్రాసులో క్యాన్సర్ నమోదు మొదలైన 1982 ప్రాంతంలో లక్ష మంది స్త్రీలకు 40 దరిదాపుల్లో ఉన్న ఈ జబ్బు, తర్వాతి మూడు దశాబ్దాల్లో అందులో సగం కంటే తక్కువకు పడిపోయింది. టీకా గానీ ఊరూరా పరీక్ష గానీ లేకుండానే ఇంత తగ్గుదల వచ్చింది. ఆడపిల్ల జీవితం బాగుపడితే జబ్బు వెనక్కి తగ్గుతుందనడానికి ఇంతకంటే పెద్ద రుజువు అక్కర్లేదు.

ఈ వ్యాధి చుట్టూ అల్లుకున్న నింద గురించి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. హెచ్‌పీవీ దాంపత్య జీవితం ఉన్న స్త్రీపురుషులలో అత్యధికులకు ఎప్పుడో ఒకప్పుడు సోకే వైరస్. భర్త తప్ప మరొకరిని ఎరగని ఇల్లాలికి కూడా భర్త నుంచే వస్తుంది. అది ఆమె నడవడికకు గుర్తు కాదు. ఆ నిందకు భయపడి జబ్బును దాచుకున్న స్త్రీలు వైద్యం అందే దశను చేజార్చుకున్నారు.

కనిపించే క్యాన్సర్, కనిపించని క్యాన్సర్

ఉత్తరాంధ్రలో క్యాన్సర్ పరిశోధన నోటితో మొదలైంది. విశాఖ, శ్రీకాకుళం తీరంలో ఆడవాళ్లు చుట్టను నిప్పు ఉన్న కొసను నోటి లోపల పెట్టుకుని కాలుస్తారు. దీన్ని అడ్డపొగ అంటారు. ఈ అలవాటు వల్ల అంగిలికి క్యాన్సర్ వస్తోందని గోవిందరెడ్డి, వి.కె. రావు 1957లో వైద్య పత్రికలో రాశారు. 1971లో పిండ్‌బోర్గ్, మెహతా తదితరులు ఆంధ్ర పల్లెల్లో 10,169 మందిని పరీక్షించి అడ్డపొగ వల్ల అంగిలిలో వచ్చే మార్పులను వివరించారు. కోస్తా ఆంధ్ర పల్లెటూరి ఆడవాళ్లు ఆ విధంగా ప్రపంచ వైద్య సాహిత్యంలోకి ఎక్కారు.

ఆ ఆడవాళ్లకే ముప్పు తెచ్చిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మీద అలాంటి ఇంటింటి పరిశీలన జరగడానికి మరో తరం పట్టింది. నోరు తెరిచి చూపించమంటే ఎవరైనా చూపిస్తారు. గర్భాశయ ముఖద్వారాన్ని చూడాలంటే చాటు ఉన్న గది, శిక్షణ పొందిన ఆడమనిషి, అన్నిటికీ మించి నమ్మకం కావాలి. అవి మూడూ పల్లెలో కరువైనంత కాలం ఈ జబ్బు చీకట్లోనే పెరిగింది. పొగాకు ఈ క్యాన్సర్‌కు కూడా తోడ్పడుతుందని తేలాక అడ్డపొగ మాన్పించే పనికీ గర్భాశయ రక్షణకూ పొత్తు కుదిరింది.

వైద్యం దగ్గరైన తీరు

ముదిరిన గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు ప్రధాన చికిత్స రేడియేషన్. జనం భాషలో ‘కరెంటు పెట్టడం’. మద్రాసు ప్రెసిడెన్సీలో 1934లో మద్రాసు జనరల్ ఆసుపత్రిలో బర్నార్డ్ రేడియాలజీ సంస్థ ఏర్పడింది. డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి పట్టుదలతో 1954లో అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్ మొదలైంది. 1957లో అక్కడికి కోబాల్ట్ యంత్రం వచ్చింది. తెలుగు జిల్లాల నుంచి ఎందరో రోగులు మద్రాసు రైలెక్కి అడయారు చేరేవారు. హైదరాబాదులో 1955లో మెహదీ నవాజ్ జంగ్ పేరు మీద నేడున్న ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రికి పునాది పడింది. విశాఖలో ఆ సేవను కేజీహెచ్ అందిస్తూ వచ్చింది.

రేడియేషన్ ఒక్కరోజులో అయిపోయేది కాదు. వారానికి ఐదు రోజుల చొప్పున ఐదారు వారాలు సాగుతుంది. తర్వాత గర్భాశయం లోపలి నుంచి ఇచ్చే బ్రాకీథెరపీ ఉంటుంది. కూలికి వెళ్తే తప్ప పొయ్యి వెలగని ఇంటి ఆడమనిషికి అన్ని వారాలు పట్నంలో ఉండటం అంటే కూలి పోవడం, అద్దె, తోడుగా వచ్చిన వాళ్ల పని చెడటం. సగంలో మానేసి వెళ్లిపోయిన వాళ్లు అన్ని ఆసుపత్రుల్లోనూ ఉన్నారు. చికిత్స సగంలో ఆగితే జబ్బు తిరిగి వస్తుంది.

ఈ శతాబ్దంలో రెండు మార్పులు ఆ భారాన్ని తగ్గించాయి. 2007 ఏప్రిల్ 1న శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మొదలై తర్వాత రాష్ట్రమంతటా విస్తరించిన ఆరోగ్యశ్రీ క్యాన్సర్ శస్త్రచికిత్స, రేడియేషన్, కీమోథెరపీ ఖర్చులను భరించింది. 2014లో టాటా మెమోరియల్ సెంటర్ ఆధ్వర్యంలో హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి విశాఖ శివారు అగనంపూడిలో సేవలు ప్రారంభించింది. అగనంపూడి విశాఖ నుంచి అనకాపల్లి వచ్చే దారిలోనే ఉంది. ఒకప్పుడు మద్రాసులో దొరికిన చికిత్స కశింకోట వాళ్లకు బస్సులో వెళ్లి సాయంత్రానికి ఇల్లు చేరగలిగినంత దగ్గరకు వచ్చింది. 2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా ఏర్పడింది. అనకాపల్లి ఎన్టీఆర్ ఆసుపత్రి, మండలాల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు ఆ కొత్త జిల్లా యంత్రాంగం కిందికి వచ్చాయి.

ముందే పట్టుకునే పరీక్షలు

గ్రీసులో పుట్టి అమెరికాలో పనిచేసిన పాపనికొలావ్ 1941లో ట్రౌట్‌తో కలిసి ప్రచురించిన పరిశోధనతో పాప్ స్మియర్ పరీక్ష వైద్య ప్రపంచంలో స్థిరపడింది. ముఖద్వారం నుంచి గీకి తీసిన కణాలను సూక్ష్మదర్శినిలో చూసి, క్యాన్సర్ కాకముందే మార్పులను పట్టుకోవడం దీని పద్ధతి. సంపన్న దేశాల్లో ఈ పరీక్షను క్రమంగా అందరికీ చేయడంతో మరణాలు బాగా తగ్గాయి. దానికి ప్రయోగశాల, నిపుణుడు, ఫలితం వచ్చాక మళ్లీ రోగిని పిలిపించే ఏర్పాటు అవసరం. భారతదేశంలో 1975-76లోనే జాతీయ క్యాన్సర్ నియంత్రణ కార్యక్రమం మొదలైనా పాప్ స్మియర్ పట్నపు ఆసుపత్రులు దాటి పల్లెకు రాలేదు.

పల్లెకు తగిన మార్గాన్ని భారతీయ పరిశోధనలే చూపించాయి. ముఖద్వారం మీద పలచని ఎసిటిక్ ఆమ్లం అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తే, మార్పు వచ్చిన చోటు తెల్లగా కనిపిస్తుంది. దీన్నే వీఐఏ పరీక్ష అంటారు. శిక్షణ పొందిన నర్సు చేయవచ్చు, ఫలితం అప్పటికప్పుడే తెలుస్తుంది. తమిళనాడు దిండిగల్ జిల్లాలో ఒక్కసారి ఈ పరీక్ష చేయడం వల్ల ఈ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో వెల్లడైంది. ముంబై మురికివాడల్లో టాటా మెమోరియల్ వైద్యులు మామూలు చదువున్న స్థానిక మహిళలకే శిక్షణ ఇచ్చి చేయించిన పరీక్షలు మరణాలను 31 శాతం తగ్గించాయని 2013లో తేలింది. మహారాష్ట్ర ఉస్మానాబాద్ జిల్లాలో 1,31,746 మంది స్త్రీలతో జరిగిన అధ్యయనంలో ఒక్క హెచ్‌పీవీ పరీక్షతో మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. దాని ఫలితాలు 2009లో వచ్చాయి.

తెలుగు నేల మీద కూడా ఈ పని జరిగింది. హైదరాబాదు దగ్గర మేడ్చల్ ప్రాంతంలో మెడిసిటీ వైద్య సంస్థ, షేర్ ఇండియా, అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు కలిసి పల్లె స్త్రీలలో హెచ్‌పీవీ వ్యాప్తిని పరిశీలించారు. ప్రమాదకరమైన రకాలు సుమారు 10 శాతం ఆరోగ్యవంతులైన స్త్రీలలో ఉన్నాయనీ, రాష్ట్రంలో పరీక్షించిన క్యాన్సర్ కణితుల్లో మూడింట రెండొంతులు 16వ రకం వల్ల వచ్చినవేననీ 2005లో ప్రచురితమైన అధ్యయనం చూపింది. ఈ రకం వైరస్‌ను గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌లో 1983లో గుర్తించిన జర్మన్ శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హాసెన్‌కు 2008లో నోబెల్ బహుమతి వచ్చింది.

2016లో కేంద్ర ప్రభుత్వం 30 నుంచి 65 ఏళ్ల స్త్రీలందరికీ ఐదేళ్లకోసారి వీఐఏ పరీక్ష చేయాలని మార్గదర్శకాలు ఇచ్చింది. ఆచరణ వెనకబడింది. 2019-21 సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో జీవితంలో ఒక్కసారైనా ఈ పరీక్ష చేయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 4.7 శాతం. తెలంగాణలో 3.3 శాతం, తమిళనాడులో 9.8 శాతం. దేశ సగటు 2 శాతం లోపే. 2024 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నోరు, రొమ్ము, గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ల కోసం ఇంటింటి సర్వే చేపట్టింది.

గర్భసంచి తీసేయడం నివారణ కాదు

పరీక్ష రాని పల్లెలకు క్యాన్సర్ భయం మాత్రం వచ్చింది. తెల్లబట్ట, నొప్పి, ఎక్కువ రక్తస్రావం అని వెళ్లిన స్త్రీలకు, అలాగే వదిలేస్తే క్యాన్సర్ అవుతుందని చెప్పి గర్భసంచి తీసేసే ఆపరేషన్లు తెలుగు జిల్లాల్లో విపరీతంగా పెరిగాయి. డాక్టర్ కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ మెదక్ జిల్లాలో చేసిన అధ్యయనం ముప్పై ఏళ్లు నిండని స్త్రీలకు కూడా ఈ ఆపరేషన్ జరుగుతున్న తీరును బయటపెట్టింది. 2015-16 కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతమని తేలింది. దేశంలో అదే అత్యధికం. అనవసరపు ఆపరేషన్లను అరికట్టే మార్గదర్శకాలను రాష్ట్రాలు మూడు నెలల్లో అమలు చేయాలని 2023 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

తెల్లబట్ట చాలాసార్లు మందులతో నయమయ్యే ఇన్‌ఫెక్షన్ వల్ల వస్తుంది. ముఖద్వారం మీద తొలి మార్పు కనిపించినా ఆ చోటును వేడితోనో చలితోనో మాడ్చే చిన్న చికిత్స చాలు. మనిషి అదే రోజు ఇంటికి వెళ్లిపోవచ్చు. పడుచు వయసులో గర్భసంచి, దానితోపాటు అండాశయాలు పోతే ముట్లు ముందే ఆగి, ఎముకలు గుల్లబారి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది. పొలం పనితో బతికే స్త్రీకి ఇది జీవితాంతం మోసే నష్టం.

ఖమ్మం నేర్పిన పాఠం

హెచ్‌పీవీ టీకా 2006లో అమెరికాలో, 2008లో భారతదేశంలో అనుమతి పొందింది. 2009 జులైలో పాత్ అనే సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10 నుంచి 14 ఏళ్ల బాలికలకు టీకా వేయడం మొదలుపెట్టాయి. సుమారు 14,000 మందికి వేశారు. వారిలో చాలామంది వసతిగృహాల్లో చదివే గిరిజన, దళిత బాలికలు. గుజరాత్‌లోని వడోదరలో కూడా ఇలాంటి కార్యక్రమమే జరిగింది. రెండు చోట్లా కలిపి ఏడుగురు బాలికలు చనిపోవడం, మహిళా సంఘాలు ప్రశ్నించడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం దాన్ని ఆపేసింది.

ఆ మరణాలకు నీటిలో మునగడం, పాముకాటు, మలేరియా, పురుగుమందు వంటి వేరే కారణాలు ఉన్నాయనీ, టీకాతో సంబంధం కనిపించలేదనీ విచారణ సంఘం తేల్చింది. అంగీకారం తీసుకున్న తీరును మాత్రం పార్లమెంటరీ స్థాయీ సంఘం 2013 ఆగస్టు నివేదికలో తీవ్రంగా తప్పుపట్టింది. ఆంధ్రప్రదేశ్‌లోని 9,543 అంగీకార పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాల మీద తల్లిదండ్రులకు బదులు వసతిగృహం వార్డెన్లు సంతకం పెట్టారు. టీకా మంచిదే అయినా, పిల్ల తల్లిదండ్రులకు చెప్పకుండా వేయడం అన్యాయం. ఆ అన్యాయం ప్రజల్లో పుట్టించిన అపనమ్మకం వల్ల టీకా ఎన్నో ఏళ్లు వెనకబడింది.

టీకాను ఆపేసిన ఆ నిర్ణయమే ఒక ముఖ్యమైన శాస్త్ర ఫలితానికి కూడా కారణమైంది. హైదరాబాదు ఎంఎన్‌జేతో సహా దేశంలోని పలు కేంద్రాల్లో 17,729 మంది బాలికలతో రెండు డోసులు, మూడు డోసుల మధ్య తేడా తేల్చే అధ్యయనం అప్పుడు నడుస్తోంది. 2010 ఏప్రిల్‌లో అది కూడా ఆగడంతో వేలమంది బాలికలకు ఒక్క డోసే పడింది. వారిని పదేళ్లు గమనించిన పరిశోధకులు, ఒక్క డోసు కూడా నిలిచిపోయే 16, 18 రకాల ఇన్‌ఫెక్షన్ నుంచి సుమారు 95 శాతం రక్షణ ఇచ్చిందని 2021లో వెల్లడించారు. 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక్క డోసు పద్ధతిని కూడా ఆమోదించడానికి తోడ్పడిన ఆధారాల్లో ఇది ఒకటి. సీరం ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన దేశీయ టీకా సెర్వావాక్ 2022 జులైలో అనుమతి పొందింది. 9 నుంచి 14 ఏళ్ల బాలికలకు టీకాను ప్రోత్సహిస్తామని 2024 ఫిబ్రవరి 1న మధ్యంతర బడ్జెట్‌లో కేంద్ర ఆర్థికమంత్రి ప్రకటించారు.

కశింకోట లాంటి మండలంలో నివారణ

2020 నవంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ క్యాన్సర్‌ను రూపుమాపే వ్యూహాన్ని ప్రకటించింది. 2030 నాటికి 90 శాతం బాలికలకు 15 ఏళ్లలోపు టీకా, 70 శాతం స్త్రీలకు 35 ఏళ్లలోపు ఒకసారి, 45 ఏళ్లలోపు మరోసారి పరీక్ష, జబ్బు బయటపడిన వారిలో 90 శాతం మందికి చికిత్స అన్నవి దాని లక్ష్యాలు. లక్ష మంది స్త్రీలకు ఏటా నాలుగు కేసుల కంటే తగ్గితే ఆ దేశం జబ్బును రూపుమాపినట్టు లెక్క.

ఈ లక్ష్యం నెరవేరేది ఊరి స్థాయిలోనే. ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లి 30 దాటిన ప్రతి స్త్రీకీ పరీక్ష ఏమిటో, ఎలా చేస్తారో, ఎంతసేపు పడుతుందో విడమరచి చెప్పాలి. ఊరి ఆరోగ్య కేంద్రంలో ఎంఎల్‌హెచ్‌పీ అనే మధ్యస్థాయి ఆరోగ్య సిబ్బంది, ఏఎన్ఎం నర్సు చాటుగా ఉన్న గదిలో పరీక్ష చేయాలి. చెరకు నరుకుడు, నాట్ల రోజుల్లో కూలి పోకుండా వీలైన వేళల్లో శిబిరం పెట్టాలి. తెల్లమచ్చ కనిపించిన స్త్రీని చీటీ రాసి పంపడంతో పని అయిపోదు. ఆమె అనకాపల్లికో అగనంపూడికో వెళ్లి చికిత్స పూర్తి చేసుకుందో లేదో కనుక్కోవాలి. హెచ్‌ఐవీ ఉన్న స్త్రీలకు ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు ఉంటుంది కనుక హెచ్‌ఐవీని అదుపు చేసే ఏఆర్‌టీ మందులు తీసుకునే వారికి పరీక్ష తప్పనిసరిగా అందాలి. బడిలో టీకా వేసేముందు తల్లిదండ్రులను కూర్చోబెట్టి వాళ్ల మాటల్లో చెప్పి, వాళ్ల ప్రశ్నలకు జవాబిచ్చి, వాళ్ల ఒప్పుదలతోనే వేయాలి. టీకా వేసుకున్న పిల్లలు కూడా పెద్దయ్యాక పరీక్ష చేయించుకోవాలి, ఎందుకంటే టీకా అన్ని రకాల వైరస్‌నూ ఆపదు.

ముట్ల మధ్యలో రక్తం, కలయిక తర్వాత రక్తం, ముట్లుడిగాక మళ్లీ రక్తం, వాసనతో కూడిన స్రావం కనిపిస్తే పరీక్ష వంతు వచ్చేదాకా ఆగకుండా వెంటనే డాక్టరును కలవాలి. తొలి దశలో చికిత్స జరిగితే ఈ క్యాన్సర్ వచ్చిన స్త్రీలలో ఎక్కువమంది బతికి తమ పనుల్లోకి తిరిగి వెళ్తారు.